చిన్న వ్యాన్‌ని క్యాంపర్‌గా మార్చుకోవడం: మన బరంపురం, రాయగడ, కోరాపుట్ వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మా మారుతి ఈకో వ్యాన్‌ని లోపలే పడుకుని తిరిగేలా క్యాంపర్‌గా మార్చుకున్నాం. దాని వెనక డోరు తీసి పెడితే చాలు, ఎవరో ఒకరు వచ్చి లోపలికి తొంగి చూస్తారు. "ఇందులోనే పడుకుంటారా?" అని మొదలుపెట్టి "పోలీసులు ఏమనరా?" దాకా వస్తారు. బరంపురంలో అడిగినవే పర్లాకిమిడిలోనూ అడుగుతారు, జయపురం పెట్రోల్ బంకులోనూ అడుగుతారు. ఫోన్‌లో చెప్పిందే చెప్పే ఓపిక తగ్గి ఇలా రాసి పెడుతున్నాను. నేను మెకానిక్‌ని కాను. మొదట ఒక పాత ఓమ్నీని చేతులారా పాడుచేసి, తర్వాత ఈకోని కాస్త బుద్ధిగా చేసుకున్నవాణ్ణి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి. ముందుదీ వెనకదీ చదవకపోయినా ఇబ్బంది లేదు.

## బండి కొనే ముందు

ఓమ్నీ మంచిదా, ఈకో మంచిదా?

చేతిలో డబ్బుంటే ఈకో. ఓమ్నీ 1984లో మారుతి వ్యాన్‌గా వచ్చింది, 2019లో తయారీ ఆపేశారు. కాబట్టి ఎంత కొత్తది దొరికినా అది పాతదే. ఇంజన్ 796 సీసీ. ఊళ్లో తిరగడానికి చాలు. ఇద్దరు మనుషులు, మంచం, నీళ్ల క్యాన్లు వేసుకుని సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కించి చూడండి, వెనక లారీవాడు హారన్ మీదనుంచి చెయ్యి తియ్యడు. ఈకో 2010లో వచ్చింది, ఇంజన్ 1.2 లీటర్లు. దాని వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, 2,350 మిల్లీమీటర్లు, ఓమ్నీది 1,840. ఆ అర మీటరు తేడా ఏమిటో రాత్రి కాళ్లు చాపుకున్నప్పుడు తెలుస్తుంది.

ఓమ్నీకీ ఒక గొప్ప ఉంది. మోహనలో ఆగినా గుణుపురంలో ఆగినా, ఆ బండి విప్పడం రాని మెకానిక్ ఉండడు. పదిహేను కిలోమీటర్ల లోపు ఏ ఊళ్లోనైనా క్లచ్ కేబులో ఫ్యాన్ బెల్టో దొరుకుతుంది. శని, ఆదివారాలు గోపాలపురం, తప్తపాణి దాకా వెళ్లి వచ్చేవాళ్లకి అది చాలు.

పాత బండి చూడ్డానికి వెళ్తున్నా. మొదట ఏం చూడాలి?

తుప్పు. ఇంజన్ బాగు చేయించుకోవచ్చు, గేర్‌బాక్స్ మార్చుకోవచ్చు. తుప్పు పట్టిన బాడీని మాత్రం ఎన్ని అతుకులు వేసినా అది మళ్లీ తింటూనే ఉంటుంది. గోపాలపురం, ఛత్రపురం, సోనపురం లాంటి సముద్రం పక్క ఊళ్ల బండి అయితే ఇంకా జాగ్రత్త.

నా ఓమ్నీ కొన్నరోజు పెయింటు అద్దంలా మెరుస్తోంది. రబ్బరు మ్యాట్ ఎత్తి చూడాలని తట్టలేదు. ఇంటికి తెచ్చి డ్రైవర్ సీటు వెనక మ్యాట్ లాగితే కింద మా వాకిట్లో ముగ్గు కనబడింది. రూపాయి బిళ్లంత కంత, దాని చుట్టూ వేలు పెడితే బిస్కెట్ పొడిలా రాలుతున్న రేకు. డోరు అంచుల్లో రేకే లేదు, మొత్తం పుట్టీ.

అందుకని ఒక చిన్న అయస్కాంతాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి జేబులో వేసుకెళ్లండి. చక్రాల పై వంపులు, డోర్ల కింది అంచు, స్లైడింగ్ డోర్ పట్టా, విండ్‌షీల్డ్ కింది మూలల మీద ఆనించండి. రేకు ఉన్నచోట అంటుకుంటుంది, పుట్టీ ఉన్నచోట జారిపోతుంది. తర్వాత మ్యాట్‌లన్నీ ఎత్తించండి. ఎత్తనివ్వకపోతే టీ తాగేసి వచ్చేయండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికే వేడెక్కించి పెట్టారంటే ఏదో దాస్తున్నారు.

శ్రీకాకుళంలో ఆంధ్రా నంబరు బండి చవగ్గా ఉంది. మేముండేది రాయగడ. కొనొచ్చా?

కొనొచ్చు, కాగితాల ఖర్చు కలుపుకున్నాక కూడా చవకే అనిపిస్తే. వేరే రాష్ట్రంలో రిజిస్టరైన బండిని ఇక్కడ 12 నెలలకి మించి ఉంచితే ఒడిశా నంబరు తీసుకోవాలి, మోటారు వాహనాల చట్టంలో ఇది 47వ సెక్షన్. అమ్మేవాడు అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, తెచ్చివ్వాలి. పేరు మార్పిడికి ఫారం 29, 30, కొత్త నంబరుకి ఫారం 27. ఇక్కడ రోడ్ టాక్స్ మళ్లీ కట్టాలి. అక్కడ కట్టినదాంట్లో మిగిలిన కాలానిది వాపసు అడగొచ్చు, కానీ ఆ డబ్బు చేతికొస్తుందని లెక్కేసుకుని బేరం చెయ్యకండి.

ఎన్ఓసీ చేతిలో పడేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి. సరిహద్దు ఇటు ఒకళ్లు, అటు ఒకళ్లు ఉన్న బేరాల్లో ముడిపడేది ఎప్పుడూ ఇక్కడే.

ఈకో కార్గో ఖాళీగా ఉంటుంది కదా, అదే తీసుకుంటే సీట్లు తీసే పనే ఉండదు?

కార్గో సాధారణంగా సరుకు బండిగా రిజిస్టరై ఉంటుంది. ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. వెనకాల సరుకు బదులు మనుషులు పడుకుని కనిపిస్తే మీ దగ్గర జవాబు ఉండదు. ఐదు సీట్ల సొంత వాడకం బండి తీసుకోండి.

## కాగితాలు, చట్టం

సీట్లు పీకేసి మంచం బిగిస్తే పట్టుకుంటారా?

పట్టుకోవచ్చు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో (రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో) ఉన్న వివరాలు కంపెనీ చెప్పినవాటితో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ వేయొచ్చు. సీట్ల సంఖ్య ఆర్‌సీలో ఉంటుంది. దాన్ని తగ్గించినా పెంచినా తేడా తేడానే. పైకప్పు కోసి ఎత్తు పెంచడం ఇంకా పెద్ద తప్పు.

నేను చేసిందేమిటంటే, బాడీకి ఒక్క కొత్త రంధ్రం కూడా పెట్టలేదు. వెనక సీటు బండిలోనే ఉంటుంది, మడిచి ముందుకి పడుకోబెడతాను. దాని మీదికి వచ్చేలా రెండు ప్లైవుడ్ పెట్టెలు, వాటి మీద మడత పలక. పెట్టెలు సామాను లాంటివే, ఫ్యాక్టరీ కొక్కేలకి పట్టీలతో కట్టి ఉంటాయి. ఇంట్లో పెళ్లో పేరంటమో వస్తే అరగంటలో అన్నీ దింపేసి ఐదుగురం కూర్చుని వెళ్తాం. మా గ్యారేజీ వెల్డర్ దేనికైనా "హెయిజిబ, హెయిజిబ" అంటూ గ్రైండర్ అందుకునే రకం. అయిపోతుంది అనే అతని మాటకి తలూపి ఉంటే ఇప్పటికి బండికి పైకప్పు ఉండేది కాదు.

అయితే మన దేశంలో క్యాంపర్ అనేదే కుదరదా?

కుదురుతుంది. సొంత వాడకం క్యాంపర్ వ్యాన్ అని చట్టంలోనే ఒక రకం ఉంది. మోటార్ క్యారవాన్‌లకి ఏఐఎస్-124 అనే ప్రమాణం కూడా ఉంది. దాని ప్రకారం ఆమోదం పొందిన తయారీదారు దగ్గర కట్టించుకుని, ఆర్‌సీలో బాడీ రకం ఆ పేరుతో రాయించుకుంటే లోపల మంచం, స్టవ్, సింక్ అన్నీ దర్జాగా బిగించుకోవచ్చు. అది ఫోర్స్ ట్రావెలర్ లాంటి మినీబస్సు సైజు బండికి, ఆ స్థాయి ఖర్చుకి సరిపోయే దారి. రెండు లక్షల పాత ఈకో మీద అంత పెట్టడం నా లెక్కలో దండగ.

ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పాలా? చెబితే ప్రీమియం పెంచేస్తారేమో?

చెప్పండి, రాతలో చెప్పండి. పెరిగితే పెరిగింది. బండిలో రెండో బ్యాటరీ, వైరింగ్ పెట్టుకుని చెప్పకుండా ఉంటే, షార్ట్ అయి కాలిపోయిన రోజున సర్వేయర్ మొదట రాసేది దాని గురించే. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కూడా లేకుండా తిరిగితే మొదటిసారి 2,000, రెండోసారి 4,000 జరిమానా. పొల్యూషన్ సర్టిఫికెట్ లేకపోతే 10,000 దాకా వేయొచ్చు. బీఎస్-4, బీఎస్-6 బండ్లకి ఆ సర్టిఫికెట్ ఏడాది పనిచేస్తుంది, అంతకన్నా పాతవాటికి ఆరు నెలలే.

నా ఓమ్నీకి పదిహేనేళ్లు నిండుతున్నాయి. ఇప్పుడు దాని మీద డబ్బు పెట్టొచ్చా?

ముందు ఆర్‌సీ రెన్యువల్ చేయించి, తర్వాత సుత్తి పట్టుకోండి. సొంత బండికి 15 ఏళ్ల తర్వాత తనిఖీ చేసి ఐదేళ్లకి పొడిగిస్తారు. 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ రెన్యువల్ ఫీజు కార్లకి 5,000 అయింది, 20 ఏళ్లు దాటినవాటికి 2025లో 10,000 చేశారు. తనిఖీలో బండి తప్పిందనుకోండి, మీరు చేయించిన మంచం దివాన్‌గా హాల్లో వేసుకోవాల్సిందే.

## లోపలి పని

మంచం ఎంత పొడవు వస్తుంది?

టేపుతో కాదు, మనిషితో కొలవండి. ముందు సీట్లు పూర్తిగా ముందుకి జరిపి, వెనకాల అట్టముక్కలు పరిచి, మీ ఇంట్లో అందరికన్నా పొడుగున్నవాళ్లని పడుకోబెట్టండి. పక్కకి తిరగమనండి. అర్ధరాత్రి లేచి కూర్చున్నట్టు కూర్చోమనండి. తల పైకప్పుకి తగిలితే మంచం ఎత్తు తగ్గించాలి, కింద సామాను పెట్టుకునే చోటు పోతుంది. ఈ బేరం మీకూ మీ మెడకీ మధ్య. మేం తొమ్మిది అంగుళాల ఎత్తుకి ఒప్పుకున్నాం. మా ఆవిడ ఇప్పటికీ ఎనిమిది చాలనే అంటుంది.

వడ్రంగి 19 ఎంఎం ప్లైవుడ్ వెయ్యాలంటున్నాడు. వెయ్యమంటారా?

ఇంట్లో అల్మరాకి అయితే వెయ్యమనండి. ఎనిమిదికి నాలుగు అడుగుల 19 ఎంఎం షీటు దాదాపు 38 కిలోలు ఉంటుంది. అదే 12 ఎంఎం అయితే 24 కిలోల లోపు. రెండు షీట్లు వాడితే తేడా 28 కిలోలు, అంటే ఒక పిల్లవాడి బరువు. మంచం పలకకి కింద అడ్డపట్టీలు కొట్టి 12, పెట్టెల గోడలకి 9 చాలు. రకం మాత్రం ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై తీసుకోండి, కోసిన అంచులకి వార్నిష్ పట్టించండి. మామూలు ప్లై మన జూలై, ఆగస్టులకి ఉబ్బి పొరలు విడిపోతుంది.

బరువు హద్దు ఎంతో కూడా చూసుకోండి. ఈకో మొత్తం బరువు, అంటే బండి, మనుషులు, సామాను అన్నీ కలిపి, 1,540 కిలోల దగ్గర ఆగాలి. ఖాళీ బండే 900 దాటుతుంది. నలుగురు మనుషులు, నలభై లీటర్ల నీళ్లు, పెట్టెలు, బ్యాటరీ వేసి కాగితం మీద కూడండి. తర్వాత ఎక్కడైనా వేబ్రిడ్జి మీద ఎక్కించి చూడండి. నా మొదటి లెక్క తొంభై కిలోలు తప్పింది. ఇనుప మంచం ఫ్రేము, రెండు గ్యాస్ స్టవ్‌లు, ఎందుకు పెట్టానో తెలియని ఇత్తడి బిందె.

ఎండకి ఇన్సులేషన్ ఏం వెయ్యాలి? థర్మోకోల్ చాలదా?

థర్మోకోల్ వద్దు. బండి కదిలినంతసేపూ కిరకిరలాడుతుంది, నిప్పంటుకుంటే క్షణంలో కరిగి మీద పడుతుంది. దూది లాంటి గ్లాస్‌వూల్ కూడా వద్దు, అది తేమ పీల్చి రేకుని తడిగా ఉంచుతుంది. ఏసీ డక్టులకి చుట్టే నల్ల నైట్రైల్ రబ్బరు షీటు, 10 నుంచి 13 ఎంఎం మందం, వెనక జిగురు ఉన్నది తీసుకోండి. పైకప్పుకి ముందు వెయ్యండి. మన ఎండ నెత్తిన పడుతుంది కాబట్టి డబ్బు తక్కువైతే పైకప్పుకి మాత్రమే వేసి ఊరుకున్నా తేడా తెలుస్తుంది.

అంటించే ముందు రేకుని గీకి, తుప్పు ఉన్నచోట ప్రైమర్ కొట్టి, పూర్తిగా ఆరనివ్వండి. డోర్ల అడుగున నీళ్లు కారే చిన్న రంధ్రాలుంటాయి, వాటిని మాత్రం పొరపాటున కూడా మూయకండి. ముందు సీట్ల కింద ఇంజన్ ఉంటుంది, అక్కడ గాలి తిరిగే చోట ఏ షీటూ కూరకండి.

పొద్దున లేచేసరికి లోపలంతా చెమట పట్టినట్టు తడి. ఎక్కడైనా లీకా?

లీకు కాదు, మీ ఊపిరే. డిసెంబరులో తప్తపాణి దగ్గర అద్దాలన్నీ బిగించి పడుకున్నాం. తెల్లవారుజామున నుదుటి మీద ఒక చుక్క పడింది. ఇంకోటి పడింది. టార్చి వేస్తే పైకప్పు బోల్టు తలల నుంచి వరసగా చుక్కలు వేలాడుతున్నాయి. ఇద్దరి ఊపిరిలోని తేమ చల్లని రేకుకి తగిలి నీరైంది. అప్పటినుంచి ఎంత చలైనా ఎదురెదురు అద్దాలు రెండు వేళ్ల మందాన దించి, వాటికి దోమతెర అంటించి పడుకుంటాం. అంచుల్లో అయస్కాంతం పట్టీ కుట్టించిన తెర అయితే డోరు రేకుకి దానంతటదే అతుక్కుంటుంది. కోరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి వైపు మలేరియా ఉంది, కాబట్టి తెర లేకుండా అద్దం దించకండి.

నల్ల ఫిల్మ్ అంటిస్తే కర్టెన్ల గొడవ ఉండదు కదా?

2012లోనే సుప్రీంకోర్టు అద్దాలకి నల్ల ఫిల్మ్ వద్దంది. నిలిపి ఉన్నప్పుడు మాత్రం పెట్టుకునే అట్టలు కత్తిరించుకోండి. బండి కదిలే ముందు తీసేయండి.

## కరెంటు, వంట, నీళ్లు

ఫ్యాను, లైటు, ఫోన్లకి ఎంత బ్యాటరీ కావాలి?

మీరనుకున్నదానికన్నా తక్కువే. 12 వోల్టుల చిన్న ఫ్యాను 15 వాట్లు, ఎనిమిది గంటలకి 120 వాట్-అవర్లు. ఎల్‌ఈడీ లైట్లు 10 వాట్లు, నాలుగు గంటలకి 40. రెండు ఫోన్లకి 30. లాప్‌టాప్ ఒకసారి ఛార్జికి 60. మొత్తం 250. వంద ఆంపియర్-అవర్ల సీసపు బ్యాటరీలో 1,200 వాట్-అవర్లుంటాయి గానీ సగం కన్నా ఎక్కువ వాడితే త్వరగా పోతుంది, కాబట్టి 600 అనుకోండి. రెండు రాత్రులు నడుస్తుంది. అదే సైజు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే దాదాపు మొత్తం వాడుకోవచ్చు, బరువు సగం కూడా ఉండదు, ధర ఎక్కువ.

ఇండక్షన్ స్టవ్ మాత్రం మర్చిపోండి. వెయ్యి వాట్ల స్టవ్‌కి 12 వోల్టుల దగ్గర తొంభై ఆంపియర్ల పైనే లాగాలి. ఆ వైర్లు, ఆ ఇన్వర్టర్ బరువు, ఆ వేడి, ఒక కప్పు కాఫీ కోసం!

వేరే బ్యాటరీ ఎందుకు, బండి బ్యాటరీకే తగిలిస్తే?

పొద్దున సెల్ఫ్ కొట్టదు. బండి బ్యాటరీ క్షణం పాటు పెద్ద కరెంటు ఇవ్వడానికి చేసింది, రాత్రంతా కొద్దికొద్దిగా ఇవ్వడానికి కాదు. పైగా అది 35 ఆంపియర్-అవర్ల లాంటి చిన్నది. వేరే బ్యాటరీ పెట్టి, బండి నడుస్తున్నప్పుడు ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) నుంచి డీసీ-డీసీ ఛార్జర్ ద్వారా నింపుకోండి. లిథియం బ్యాటరీని ఛార్జర్ లేకుండా నేరుగా ఆల్టర్నేటర్‌కి కలిపితే అది ఆపకుండా లాగి ఆల్టర్నేటర్‌ని వేడెక్కించేస్తుంది.

ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కి జానెడు దూరంలోపే ఉండాలి, ఫ్యాను దగ్గర కాదు. మధ్యలో వైరు ఎక్కడ ఒరుసుకుని రేకుకి తగిలినా ఆ ఫ్యూజే కాపాడుతుంది. రేకులోంచి వైరు వెళ్లే ప్రతిచోటా రబ్బరు గ్రొమెట్, అంటే రంధ్రం అంచుకి తొడిగే రింగు, వెయ్యండి. మా ఓమ్నీలో ఎలక్ట్రీషియన్ ఇంటి వైరింగ్ అలవాటుతో ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేశాడు. కాశీపూర్ గతుకుల రోడ్డు మీద టేపు కాలిన వాసనతో తెలిసింది.

సోలార్ ప్యానెల్ వేస్తే ఇక ఛార్జింగ్ గొడవ ఉండదా?

వంద వాట్ల ప్యానెల్ మంచి ఎండ రోజున 400 వాట్-అవర్ల దాకా ఇస్తుంది, అంటే ఒక రాత్రి వాడకానికి మించి. చెట్టు కింద నిలిపితే దాదాపు ఏమీ రాదు. మనం నిలిపేది చెట్టు కిందే. అందుకని పైన బిగించకుండా, పొడుగు వైరుతో మడత ప్యానెల్ పెట్టుకుని ఎండలో ఆరేస్తాం, వడియాల్లాగా.

ఇంటి గ్యాస్ సిలిండర్ పెట్టుకోవచ్చా?

వద్దు. 14.2 కిలోల ఇంటి సిలిండర్ ఇంటికోసం. దాన్ని మూసిన వ్యాన్‌లో తిప్పడం నేరమూ, ప్రమాదమూ. వంటగ్యాస్ గాలికన్నా బరువైనది. లీకైతే పైకి పోదు, మంచం కింద మడుగులా చేరి కూర్చుంటుంది. మీరు పైనున్న అద్దాలు తీసినా అది కదలదు. వాసన తెలిసిందంటే ఏ స్విచ్చూ వెయ్యకుండా అన్ని డోర్లూ తీసి బయటికి రండి.

మేం వాడేది చిన్న గ్యాస్ క్యాన్ బిగించే స్టవ్. వంట ఎప్పుడూ బయటే, వెనక డోరు నీడలో. వాన పడితే వంట లేదు, ఇంటినుంచి తెచ్చిన పులిహోరే. దియోమాలి వైపు చలికాలంలో వెళ్తే ఒక సంగతి గుర్తుంచుకోండి. అది 1,672 మీటర్ల ఎత్తు, ఒడిశాలో ఎత్తైన శిఖరం. క్యాన్‌లోని బ్యూటేన్ సున్నా డిగ్రీలకి దగ్గర్లో ఆవిరవడమే మానేస్తుంది. మంట మినుకుమంటుంటే క్యాన్‌ని కాసేపు దుప్పట్లో పెట్టి తియ్యండి, నిప్పు దగ్గర పెట్టకండి.

కోరాపుట్ చలికి లోపల చిన్న కుంపటి పెట్టుకుంటే?

పెట్టకండి. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. తలనొప్పి అనుకుంటూ నిద్రలోకి జారి అలాగే పోతారు. స్టవ్ కూడా అంతే. రాత్రంతా ఇంజన్ ఆన్‌లో ఉంచి ఏసీ వేసుకోవడం కూడా అంతే. చలికి రెండు రగ్గులు, వేడినీళ్ల రబ్బరు సంచి. పన్నెండు వోల్టుల కార్బన్ మోనాక్సైడ్ అలారం దొరికితే తలవైపు పెట్టుకోండి.

బాత్రూం సంగతి?

పెట్రోల్ బంకులు, పెద్ద హోటళ్లు. అత్యవసరానికి మూత ఉన్న బకెట్, రంపపు పొట్టు. ఇంతకన్నా అందమైన జవాబు లేదు.

## రోడ్డెక్కాక

ఘాట్ దిగుతుంటే బ్రేకులు కాలిన వాసన వస్తోంది. ఆపాలా?

ఆపండి, కానీ హఠాత్తుగా కాదు. వెడల్పుగా ఉన్నచోట పక్కకి తీసి అరగంట చల్లారనివ్వండి. చక్రాల మీద నీళ్లు పొయ్యకండి, కాలిన డిస్కు వంగిపోతుంది. తప్పు బ్రేకులది కాదు, గేరుది. సుంకి ఘాట్‌గానీ తప్తపాణి ఘాట్‌గానీ ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగాలి. బరువు పట్టుకునే పని ఇంజన్‌కి అప్పగించండి. బ్రేకు కొట్టి వదలాలి, నొక్కి పట్టుకుని ఉండకూడదు. పెట్రోల్ ఆదా అని న్యూట్రల్‌లో వదిలేవాళ్లున్నారు. ఇంజన్ కూడా ఆపేస్తే పెడల్‌కి సాయం చేసే వ్యాక్యూమ్ పోతుంది, రెండు మూడుసార్లు నొక్కాక కాలికింద రాయిలా అవుతుంది.

బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చండి. అది గాలిలో తేమ పీలుస్తుంది, వేడెక్కినప్పుడు ఆ నీరు ఆవిరై పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. మామూలు కారుకి ఇది ఆలస్యమైనా నడుస్తుందేమో, ఎప్పుడూ రెండు వందల కిలోల సామాను మోసే బండికి నడవదు.

సీటు కింద వేడి భరించలేకపోతున్నాం. ఇది మామూలేనా?

ఓమ్నీకి, ఈకోకి ముందు సీట్ల కిందే ఇంజన్ కాబట్టి కొంత మామూలే. కానీ సీటు మూత చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ ఎండిపోయి చీలితే వేడి, పొగ రెండూ లోపలికి వస్తాయి. పొగ వాసన తెలుస్తుంటే అది ఎండ సమస్య కాదు, ఎగ్జాస్ట్ లీకు. అలాంటి బండిలో రాత్రి పడుకోకండి. కూలెంట్‌కి బదులు కుళాయి నీళ్లు పోసే అలవాటు మానండి, రేడియేటర్ లోపల పొర కట్టేస్తుంది.

టైర్లు బాగానే కనబడుతున్నాయి, మార్చాలా?

గాడి లోతు ఒక్కటే చూడకండి. పక్కగోడ మీద నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. క్యాంపర్ బండి నెలల తరబడి ఇంటి ముందే ఉంటుంది, టైరు అరగదు, ఎండకి పగుళ్లు పడుతుంది. ఆరేళ్లు దాటితే నేను మార్చేస్తాను. కారు టైరు చవకని అది వెయ్యకండి, బరువు మోసే ఎల్‌టీ రకమే వెయ్యండి. స్టెప్నీలో గాలి కూడా చూడండి. స్టెప్నీ మీద మంచం కట్టి, పంక్చరైనప్పుడు పరుపు రోడ్డు మీద పరిచి దాన్ని తీసినవాణ్ణి నేను.

రాత్రి ఎక్కడ నిలపాలి?

జాతీయ రహదారి 16 మీద అయితే లారీలు ఆగే పెద్ద బంకులు. గోపాలపురం, రంభ, తప్తపాణిలో ఒడిశా టూరిజం వాళ్ల పాంథనివాస్‌లున్నాయి. మర్యాదగా అడిగి, వాళ్ల దగ్గర భోజనం చేస్తే ఆవరణలో నిలుపుకోనివ్వొచ్చు. గ్రామాల్లో అయితే చీకటి పడకముందే చేరి, ఎవరో ఒక పెద్దమనిషిని పలకరించి చెప్పండి. చెప్పకుండా చెరువుగట్టు మీద నిలిపిన బండిని ఎవరైనా అనుమానిస్తారు. చెప్పి నిలిపితే పొద్దున టీ ఇస్తారు. అడవి హద్దుల్లో రాత్రి ఉండకండి. ఋషికుల్య నది సముద్రంలో కలిసేచోట తాబేళ్లు గుడ్లు పెట్టే ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇసుక మీదికి బండి దింపకండి. మీ లైట్లు వాటికి దారి తప్పిస్తాయి.

సముద్రం పక్కకి వెళ్లొచ్చాక ఏం చెయ్యాలి?

మర్నాడే మంచినీళ్లతో అడుగు భాగం కడగండి. చక్రాల వంపుల్లోపల పేరుకున్న ఇసుక, స్లైడింగ్ డోర్ పట్టా, డోర్ల అడుగున నీళ్లు కారే రంధ్రాలు, ఇవి ముఖ్యం. రంధ్రాల్లోకి సన్నని తీగ పోనిచ్చి చూడండి. ఏటా వానలు పడకముందు అండర్‌బాడీ కోటింగ్ వేయించండి, అయితే తుప్పు మీద వెయ్యనివ్వకండి. కింద గీకి చూపించాకే స్ప్రే మొదలుపెట్టమనండి.

అక్టోబరులో వెళ్తే తుఫాను భయమా?

మన తీరానికి అక్టోబరు పేరున్న నెల. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గర, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటాయి. ఎత్తుగా, తేలిగ్గా ఉన్న వ్యాన్‌కి పక్కగాలి అంటే ప్రమాదమే. వాతావరణ శాఖ హెచ్చరిక వచ్చిందంటే ప్రయాణం మానేసి, బండిని చెట్లకీ హోర్డింగులకీ దూరంగా నిలిపి, ట్యాంకు నింపి ఉంచండి. తిత్లీ తర్వాత మా వీధిలో కరెంటు లేనన్నాళ్లూ చుట్టుపక్కల ఫోన్లన్నీ మా ఈకోలోనే ఛార్జి అయ్యాయి. వరసలో నిలబడ్డవాళ్లలో సగం మంది అప్పుడే అడిగారు, "ఇందులోనే పడుకుంటారా?" అని.